సూదులత్త

"ఇంక ఆ కుట్టు కంపెనీ గడప తొక్కను... చచ్చినా తొక్కను!"

మిట్టమధ్యాహ్నం డ్యూటీ మధ్యలోంచి ఇంటికి వచ్చేసిన కోడలు, సంచీని మంచం మీదికి విసిరేసి బావురుమంది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న భర్త ఉలిక్కిపడి లేచాడు. ఏమైందని అడిగితే ఏడుస్తూనే చెప్పింది. కొత్త గౌను తొడిగి చూడాలని నమూనా బట్టలు కుట్టించే శాంపిల్ మాస్టరు ఆమెను ఫిట్టింగు గదిలోకి పిలిచాడట. తలుపు వేశాడట. నడుము కొలిచే చెయ్యి నడుము దగ్గర ఆగలేదు... తియ్యమన్నా తియ్యలేదు! అతన్ని తోసేసి బయటికి పరుగెత్తుతుంటే, "ఈమాత్రానికేనా? ఉద్యోగం అక్కర్లేదా?" అని వెనక నుంచి నవ్వాడట!

భర్త ముఖం కోపంతో ఎర్రబడింది. కానీ ఏం లాభం, ఆ కోపం వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేదు!

"అమ్మ కూడా అక్కడే కదా చేస్తోంది... గొడవైతే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. కాస్త చూసీ చూడనట్టు పోరాదూ!"

కట్టుకున్నవాడి నోట ఆ మాట వినేసరికి ఆమె ఏడుపు టక్కున ఆగిపోయింది. ఏడవడానికైనా తన పక్షాన ఒకరుండాలి కదా!

సాయంత్రం అత్తగారు పని నుంచి వచ్చింది. కంపెనీలో ఆమెను అందరూ సూదులత్త అంటారు. మణికట్టుకి గుండుసూదుల దిండు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు, అదీ మొనలు బయటికి పెట్టి! కోడలు పనిలో చేరిన రోజున ఆమె చేతికీ అలాంటిదే కట్టి, "ఫిట్టింగుకి పిలిస్తే దీన్ని మాత్రం విప్పకు" అంది. అదేదో పనిలో పద్ధతి కాబోలనుకుంది పిచ్చిపిల్ల. ఇవాళ చెమట పోస్తోందని విప్పి మిషను మీద పెట్టి మరిచిపోయింది.

ఇప్పుడు అత్తగారి చేతికున్న దిండు చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది.

"అత్తయ్యా... మీకు ముందే తెలుసు కదూ?"

అత్తగారు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు!

"తెలుసమ్మా. నేను చేరినప్పుడు, చెయ్యి మీదికొస్తే గుచ్చమని ఒక పెద్దావిడ నాకు కట్టింది. చేరిన ప్రతి పిల్లకీ నేను కట్టాను, నీకూ కట్టాను. మమ్మల్ని మేం కాచుకోవడమే సరిపోయింది గానీ, ఆ చెయ్యిని ఆపించాలని తోచనే లేదే తల్లీ!"

"అమ్మా, నువ్వైనా దానికి సర్దిచెప్పు..." అన్నాడు కొడుకు.

"నోర్ముయ్యరా! సర్దుకుని సర్దుకుని నా తల నెరిసింది. అదే బతుకు దీనికీ అంటగట్టమంటావా?"

మర్నాడు పొద్దున్నే అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని కంపెనీకి తీసుకెళ్ళింది. గంట మోగింది గానీ ఒక్క మిషనూ కదల్లేదు. అప్పటికే ఆవిడ ప్రతి వరుస దగ్గరా ఆగి విషయం చెప్పింది మరి! తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి, చేతి దిండు విప్పి ఆయన బల్ల మీద పెట్టింది. వెనకే మరో ఆవిడ తన చేతి దిండు విప్పి పెట్టింది. ఆ వెనక ఇంకొకరు... బల్లంతా సూదులే!

"ఇవన్నీ బట్టల కోసం కాదు సార్," అంది అత్తగారు.

మేనేజరు నీళ్ళు నమిలాడు. "సరే, చూద్దాంలెండి..."

"జరిగింది నేనే చెబుతాను," అంటూ కోడలు ముందుకొచ్చింది. "ఆడవాళ్ళున్న కమిటీ ముందు చెబుతాను. విచారణ తేలేదాకా ఆ మాస్టరు ఇక్కడ ఉండకూడదు. ఇకమీదట మా కొలతలు ఆడవాళ్ళే తియ్యాలి!"

అత్తగారు కోడలివైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తన గొంతులో అడ్డుపడిన మాట, ఈ పిల్ల ఎంత నిబ్బరంగా అనేసింది!

కమిటీ అందరి మాటా విన్నది. మాస్టరు ఉద్యోగం పోయింది. ఆ సాయంత్రం భర్త గేటు దగ్గర తలదించుకుని నిలబడ్డాడు. "తప్పయిపోయింది... నీ పక్కన నిలబడాల్సింది," అన్నాడు. ఆమె వెంటనే కరిగిపోలేదు. ఇంటిదాకా పక్కన నడవనిచ్చింది.

ఇప్పుడు ఫిట్టింగు పని అత్తగారిదే. మొన్న కొత్తగా చేరిన పిల్ల ఆమె ఉత్త చేతుల్ని చూసి, "మిమ్మల్ని సూదులత్త అంటారెందుకండీ? చేతికి ఒక్క సూదీ లేదే!" అంది.

కోడలు నవ్వి, "చెప్పనా అత్తయ్యా?" అని అడిగింది.

"చెప్పమ్మా... ఏదీ దాచకుండా చెప్పు," అంది అత్తగారు. "మాకెవరూ చెప్పలేదు."