పిడికెడు మిగిల్చిన దొంగ

2003 అక్టోబర్ 14, మంగళవారం. ఉదయం 11:40.

కోవిల్‌పట్టి కరువు మ్యూజియంలో దొంగతనం జరిగింది. పోయింది బంగారం కాదు. రెండు పడుల సజ్జలు, మూడు కిలోలు కూడా ఉండవు.

సబ్ ఇన్‌స్పెక్టర్ కర్పగానికి మొదట నవ్వొచ్చింది. మ్యూజియం నడిపే రిటైర్డ్ టీచర్ లక్ష్మణసామి పక్కకు పిలిచి చెప్పిన మాటతో ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది. పురుగు పట్టకుండా ఆ గింజల్ని వేయించి, పైన మందు పొడి కలిపాడట. అవి వండుకు తింటే ఇంటిల్లిపాదీ పోతారు.

"ఈ సంగతి బోర్డు మీద రాయలేదేం?"

ఆయన బోర్డు చూపించాడు. బోర్డు మీద ఉన్నది వేరే మాట. నూటపాతికేళ్ల కిందటి ధాతు కరువులో ఒక కుటుంబం చస్తూ కూడా ముట్టని విత్తనం ఇదేనని!

ఆయన అనుమానం కాపలాదారు ఆండి మీద. 11:15కి ఆండి టీకి పోయాడు. తిరిగొచ్చేసరికి గాజుపెట్టె మూత తెరిచి ఉంది. ఉద్యోగం పోతుందని పాపం ఆ ముసలి కాపలాదారు హడలిపోతున్నాడు.

కర్పగం రిజిస్టర్ తిప్పింది. తిరుత్తంగల్ బడిపిల్లలు 10:30కే వెళ్లిపోయారు. తర్వాత ఇద్దరే వచ్చారు. విరుదునగరం నుంచి పాత సామాన్లు కొనే దొరైసామి. వేలిముద్ర వేసిన పాపమ్మాళ్, ఊరు పుదూరు.

గాజుపెట్టెలో ఉన్న గింజల కుండలోకి టార్చ్ వేసింది. అడుగున పిడికెడు గింజలు.

"తొందరలో వదిలేశారు," అన్నాడు లక్ష్మణసామి.

కర్పగం ఆయన్ని జీపెక్కించి పుదూరుకు పోనిమ్మంది. అక్కడి స్టేషన్‌కు ఫోన్ చేస్తే, వాళ్ల జీపు బందోబస్తుకు పోయిందట. పొద్దుగూకితే గింజలు చేరిన ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. డ్రైవర్‌ను తిట్టిపోస్తూ కూర్చుంది.

దారిలో లక్ష్మణసామికి చెప్పింది. దొరైసామి అయితే కుండే ఎత్తుకుపోయేవాడు. తొందరలో వదిలిన గింజలైతే చెదిరి ఉండాలి. ఇవి నడిమధ్యన పోగు చేసి ఉన్నాయి. గింజల కుండను ఊడ్చి ఖాళీ చేస్తే ఇల్లు పాడవుతుందని కర్పగం అమ్మమ్మ కూడా అలాగే పిడికెడు ఉంచేది. వచ్చింది సేద్యం చేసే ఇంటి ఆడమనిషి, అంటే పాపమ్మాళే.

మధ్యాహ్నం 3:50. పుదూరు వీధుల్లో వాకబు చేస్తే, ఊరు దాటాక ఉన్న నల్లరేగడి చేను చూపించారు. అరవై దాటిన పాపమ్మాళ్ ఒంటరిగా నిలబడి ఉంది. చేతిలో సంచి ఖాళీగా ఉంది.

"అవ్వా, ఆ గింజలు వండితివా?"

"విత్తనం ఎవురన్నా వండుతారామ్మా? చల్లేస్తిని."

కర్పగం జీపులోని నీళ్లు తెప్పించి అవ్వ చేతులు రెండుసార్లు కడిగించింది. ఎందుకు ఎత్తుకొచ్చావని అడిగింది.

"మూడేండ్లాయె వానల్లేక. మా విత్తనం మేమే తినేస్తిమి, పోయిన నెల. నేనే దంచి కంజి కాస్తిని." పాపమ్మాళ్ ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుంది. "మొన్న వాన పడె. ఏమి చల్లేది? కరువుకు చావని విత్తనం ఉందని ఆడ బోర్డు చదివినోళ్లు చెప్పిరి. ఎత్తుకొస్తిని."

కర్పగం లక్ష్మణసామి వైపు తిరిగింది. "మీరే చెప్పండి సార్."

ఆయన చెప్పాడు. అవి కరువునాటివి కావు. పోయిన ఏడు విరుదునగరం మార్కెట్లో కొన్నవి. వేయించినవి. మొలవవు.

పాపమ్మాళ్ ఆయన ముఖంలోకి చూసింది. కోపం రాలేదు. నమ్మనూ లేదు.

"బోర్డు మీ చేత్తోనే రాస్తిరి గదా సార్?"

ఆయన ఔనన్నాడు.

"పిలకాయలకు చదువు చెప్పే వాత్యార్లు. అబద్దం రాస్తారా?" ఆమె కొంగు నడుముకు బిగించింది. "కేసు పెట్టేదంటే వారం పోయినాక రాండి. మొలక వచ్చేదాకా కాకులు తోలేదానికి వేరే మనిషి లేరు."

ఆమె గట్టు మీద కూర్చుంది, చేని వైపు తిరిగి.