మెట్టెల వెండిలో జపాన్ వీరుడు

"కరిగిచ్చేసిండ్రా?"

నకిరేకల్ వెండి దుకాణంలోకి గిరి వానలో తడిసి ముద్దై వచ్చాడు. కౌంటర్ దగ్గరి అమ్మాయి తాపీగా తలెత్తింది.

"ఏంది సార్?"

"పొద్దున మా అవ్వ గోపమ్మ మెట్టెలు చెయ్యమని ఒక బిళ్ల ఇచ్చింది గదా. గది జపాన్ వెండి కాయిన్. నేను ఏరికోరి తెప్పిచ్చుకున్న. దాని మీద..."

"కొమ్ముల హెల్మెట్, మెడకు గుడ్డ కట్టిన జపాన్ హీరో. చిన్నప్పుడు బడి నుంచి ఉరుక్కుంట వచ్చి టీవీల సూసేదాన్ని. గాయన్ని కరిగియ్యనిస్తనా?"

డ్రాయర్ తెరిచి దూదిలో చుట్టిన నాణెం చూపించింది. గిరికి ప్రాణం లేచివచ్చింది. చెయ్యి చాపగానే ఆమె డ్రాయర్ మూసేసింది.

"మీ అవ్వ ఒప్పుకోవాలె."

అవ్వ ఒప్పుకోలేదు. ఫోన్లోనే గయ్యిమంది. వాళ్లింట్లో ఒక పట్టింపు ఉంది. పెళ్లి మెట్టెలకని పసుపు పెట్టి తీసిన వెండి, పెళ్లికూతురితోనే ఇంటికి తిరిగి రావాలి. గిరికి కాబోయే పెళ్లికూతురు ఎవరో ఇంకా ఎవరికీ తెలియదు, అది వేరే సంగతి.

మెట్టెల పనిని ఆ అమ్మాయి రేపు మాపు అంటూ దాటవేసింది, అట్లా నాణెం దుకాణంలోనే ఉండిపోయింది. దాన్ని చూసే నెపంతో గిరి వానాకాలమంతా వచ్చాడు. ఆమె పేరు సుచరిత అనీ, ఊరు రామన్నపేట అనీ, వాళ్ల బాపుకు గొర్రెల మంద ఉందనీ తెలుసుకున్నాడు.

"ఇయ్యాల కాయిన్ సూడవా?"

"సూస్తున్న గదా."

"గది నా మొఖం."

ఒకనాడు గోపమ్మే దుకాణంలోకి దిగింది. "మెట్టెలు అయితయా, కావా? నా కండ్ల ముందట కరిగియ్యుర్రి."

సుచరిత నాణేన్ని గుప్పిట్లో బిగించింది. ఇప్పుడు మాట్లాడకపోతే నాణెం, పిల్ల రెండూ పోతాయని గిరికి అర్థమైంది.

"అవ్వా, కాయిన్‌ను కరిగియ్యకుండనే పెళ్లిపిల్ల ఇంటికి పట్టుకొస్తే తప్పు లేదు గదా?"

"ఏ పెళ్లిపిల్ల?"

గిరి సుచరిత వైపు చూశాడు. వేలు ఎత్తబోయి తల గోక్కున్నాడు. చివరికి ఆమెకే జాలేసింది.

"నన్నే అంటున్నడు అవ్వా. నాకిష్టమే. మా బాపుతోని మీరు మాట్లాడాలె."

గోపమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఎవల బిడ్డవు?"

"రామన్నపేట జంగయ్య బిడ్డను."

"గొర్ల జంగయ్యనా? మంచోడే."

అవ్వ తన చేతి వెండి కడియం తీసి కౌంటర్ మీద పెట్టింది.

"గా కాయిన్ మీది బొమ్మ మనిషిని నువ్వే మా ఇంటికి పట్టుకరా. మెట్టెలు దీంతోని చేపిస్త. జర కాలు ఇటు పెట్టు బిడ్డా, ఏలు కొలత సూస్త."