ట్రైలర్ కింది పొడి నేల

ఉదయం ఏడుంపావుకి ఇన్‌స్పెక్టర్ యార్డులోకి వచ్చేసరికి శవం ఇంకా నిలబడే ఉంది.

రెండు ట్రైలర్ల మధ్య. లారీకి తగిలించి ఉన్న ముందు ట్రైలర్‌కి వీపు ఆనించి, వెనక ట్రైలర్‌ని తగిలించే ఇనుప బారు ఛాతీలో దిగి. డాక్టర్ వచ్చి ప్రాణం లేదన్నాక ఎవరూ దేన్నీ కదపలేదు. ఎవరో ముఖం మీద తువ్వాలు కప్పారు.

పోయినాయనకి అరవై ఒకటి. యార్డంతా గురువుగారు అనేది. అక్కడ స్టీరింగ్ పట్టిన వాళ్లలో సగం మందికి చెవి మెలిపెట్టి పని నేర్పింది ఆయనే. కన్నకూతురికీ, ఆమెను చేసుకున్న అల్లుడికీ కూడా.

కేసు అరచేతిలో పెట్టినట్టే ఉంది. లారీ నడిపింది అల్లుడు. తప్పు ఒప్పుకున్నదీ అల్లుడే.

"ఎన్నింటికి జరిగింది?"

"ఆరూ నలభైకి సార్."

"ఏం చేశావు?"

"మావయ్య చెయ్యి ఊపకముందే రివర్స్ చేశాను."

"ఎంత వెనక్కి?"

"ఒక మూర."

"అద్దంలో ఆయన కనబడలేదా?"

"చూళ్లేదు సార్. నాదే తప్పు. రాసుకోండి."

తప్పు చేసినవాడు ముందు వానని తిడతాడు. తర్వాత బ్రేకుని. ఆఖరికి చచ్చినవాణ్ణి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్టర్‌కి అలవాటైన వరస అది. జైలుకి ఇంత తొందరపడేవాణ్ణి మాత్రం ఆయన చూడలేదు.

ఇంతలో కూతురు వచ్చింది. ఆమె కూడా ఆ యార్డులోనే డ్రైవర్. ఆ రోజు సెలవు. ఏడేళ్ల పాపను పక్కింట్లో వదిలి పరుగెత్తుకొచ్చింది. వచ్చీ రాగానే అందరి ముందూ మొగుడి చెంప పగలగొట్టింది.

"మనిషి వెనకాల ఉండగా రివర్స్ గేరు ముట్టుకోకూడదని నాన్న నీకు వందసార్లు చెప్పలేదూ? జైలుకే పో. మళ్లీ నా గడప తొక్కకు!"

అతను చెంప కూడా తడుముకోలేదు.

ఇన్‌స్పెక్టర్ సూపర్‌వైజర్‌ని పక్కకి పిలిచాడు.

"వాన ఎప్పుడు పడింది?"

"ఆరూ పదికి మొదలై ఆరున్నరకి ఆగింది సార్. లారీని ఆరింటికే వెనక్కి తెచ్చి ఆపారు. మూడుసార్లు తెచ్చినా బారు ముందు ట్రైలర్ కొక్కేనికి తిన్నగా రాలేదు. నాలుగు వేళ్లు పక్కకే. అక్కడున్నవాళ్లు నవ్వారు. వాన రాగానే వాళ్లంతా షెడ్డులోకి పోయారు, మామా అల్లుళ్లు క్యాబిన్‌లోనే కూర్చున్నారు. వెలిశాక గురువుగారు దిగారు."

ఆ నవ్వులో న్యాయం లేదు. ట్రైలర్‌ని వెనక్కి తోలడమంటే ఎడ్డెమంటే తెడ్డెమనే వాడితో కాపురం. స్టీరింగ్ కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది.

ఇన్‌స్పెక్టర్ నడుం పట్టుకుని వంగాడు. లారీ కిందికి చూశాడు. లేచి వెళ్లి వెనక ట్రైలర్ కిందికీ చూశాడు. దాని పక్కనున్న పార్కింగ్ బ్రేకు నాబ్ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

తొమ్మిదింటికి కూతురినీ, అల్లుణ్ణీ, సూపర్‌వైజర్‌నీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు.

"ఇతను రివర్స్ చెయ్యలేదు."

కూతురు తలెత్తింది.

"లారీ కింద నేల పొడిగా ఉంది. అంచుకి అంచు సరిపోయింది. వాన వెలిశాక లారీ మూరెడు వెనక్కి జరిగుంటే ముందువైపు మూరెడు పొడి నేల బయటపడాలి. పడలేదు. వెనక ట్రైలర్ వెనకాల బయటపడింది. అందరం లారీనే చూస్తూ కూర్చున్నాం. ముందుకి దొర్లింది ట్రైలర్. యార్డు నేల ఇటువైపుకే వాలు."

"బ్రేకు ఉంటుంది కదా సార్?" అన్నాడు సూపర్‌వైజర్. "ఎర్ర గాలి పైపు పీకేస్తే బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి."

"మళ్లీ తగిలిస్తే?"

"వదిలేస్తాయి. అందుకేగా పార్కింగ్ నాబ్ లాగేది. అది లాగుంటే పైపు తగిలించినా వెనక చక్రాలు కదలవు."

"గురువుగారు పైపు తగిలించారు. ట్రైలర్ ముందు చక్రాలు వదులైతే బారును చేత్తోనే పక్కకి జరపొచ్చనుకున్నారు. నాలుగోసారి లారీ తియ్యమంటే అల్లుణ్ణి చూసి మళ్లీ నవ్వుతారు కదా."

అల్లుడు కళ్లు మూసుకున్నాడు.

"కానీ నాబ్ లాగేసే ఉంది సార్. నేను చూశాను," అన్నాడు సూపర్‌వైజర్.

"ఇప్పుడు ఉంది. దాని మీద రక్తం కూడా ఉంది. దెబ్బ తగలకముందు రక్తమెక్కడిది? ఆయన పోయాకే ఎవరో దాన్ని లాగారు." ఇన్‌స్పెక్టర్ అల్లుడి వైపు తిరిగాడు. "నువ్వు ఇంకా చెయ్యి కడుక్కోలేదు. ఎవర్ని దాస్తున్నావు?"

అతను ఆ చేతిని బల్ల కిందికి లాక్కున్నాడు.

"నిన్న ఆ ట్రైలర్ అక్కడ పెట్టిందెవడు?" కూతురు లేచి నిలబడింది. "నాబ్ లాగకుండా పోయిన ఆ వెధవ ఎవడు?"

"వద్దు," అన్నాడు అల్లుడు. "సార్, దండం పెడతాను. నేనే అని రాసుకోండి."

సూపర్‌వైజర్ నేల చూపులు చూశాడు. ఆమె అతన్ని చూసింది, మొగుణ్ణి చూసింది. మెల్లగా కుర్చీలోకి ఒరిగింది.

నిన్న సాయంత్రం నాలుగున్నర. పాపకి జ్వరమని బడి నుంచి ఫోన్. పైపు పీకింది, బండి దూరంగా పెట్టింది, పరుగెత్తింది. నాబ్ లాగినట్టు ఎంత వెతుక్కున్నా గుర్తు రావడం లేదు.

నిజం తేల్చినందుకు ఇన్‌స్పెక్టర్‌కి తన మీద తనకే రోత పుట్టింది. అయినా రాయక తప్పదు. కాగితం ముందుకి లాక్కున్నాడు గానీ కలం తియ్యలేదు.

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"నాన్న ఎవరు పెట్టిన ట్రైలర్‌నీ నమ్మడు. నాబ్ చేత్తో పట్టి చూస్తే గానీ పైపు ముట్టుకోడు. ఇవాళెందుకు చూళ్లేదు?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"చెప్పు."

"నేను అడిగాను. ఒకసారి చూసొస్తాను మావయ్యా అన్నాను." అతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "అమ్మాయి పెట్టిందేరా, చూడక్కర్లేదన్నాడు."