రెండు గూడ్సుల నడుమ హార్లన్

ఠంగ్!

తల పక్కనే కంటెయినర్‌కి తూటా తగిలింది.

హార్లన్ వంగబోయాడు. పొట్ట వంగనివ్వలేదు. తలొక్కటే దించుకుని పరుగెడుతున్నాడు.

కుడివైపు లూప్ లైన్లో ఆగిన గూడ్సు. ఎడమవైపు మెయిన్ లైన్లో కదులుతున్న గూడ్సు. మధ్యలో ఒక్క మనిషి పట్టే సందు. కాళ్ల కింద కంకర. పైన సన్నటి పేలికలా అరిజోనా ఆకాశం.

ముప్పై ఒక్క ఏళ్లుగా పట్టాలు పట్టి చూసినవాణ్ణి ఇవాళ పట్టాలే పట్టేశాయి!

"పెద్దాయనా! ఆగు! మాట్లాడుకుందాం!" వెనక నుంచి కేక.

మాట్లాడుకునేవాడు తుపాకీతో వస్తాడా?

ఇంకో తూటా. కంకర ఎగిరి పిక్కకి తగిలింది.

పావుగంట క్రితం దాకా అంతా బాగానే ఉంది. శనివారం సాయంకాలం. రిటైరైన స్కూలు బస్సు డ్రైవరుకి అంతకన్నా ఏం కావాలి? జనానికి భోగాలు కావాలి, హార్లన్‌కి బోగీలు చాలు. పొద్దు వాలే ముందు ఆ పచ్చటి ఎండలో గూడ్సు బండి పెళ్లికూతురిలా ఉంటుంది. ఆగిన బండి వెంట నడుస్తూ, ఒక్కో నంబరూ పుస్తకంలో రాసుకుంటూ, ఒక్కో ఫొటో తీసుకుంటూ వస్తున్నాడు.

నూట పన్నెండో వ్యాగన్ దగ్గర కంటెయినర్ తలుపు తెరిచి ఉంది.

కింద అట్టపెట్టెలు. పెట్టెల పక్కన రైల్వే పోలీసు... బోర్లా. కదలడం లేదు. అతని మీద వంగి, పిస్తోలు పట్టుకుని, ఎర్రటోపీ వాడొకడు.

తెలివైనవాడైతే పారిపోతాడు.

హార్లన్ క్లిక్ మనిపించాడు!

ఏం చేస్తాం, వేలి అలవాటు. ముందు ఫొటో. భయం తర్వాత.

ఎర్రటోపీ తలెత్తి చూశాడు. అప్పుడు మొదలైంది ఈ పరుగు.

అవతలి పక్కకి దూకుదామంటే అక్కడ పికప్‌లో వాడి మనుషులు. ఈ పక్క కదిలే చక్రాలు. ఆగిన బండి బయల్దేరుతుందేమోనన్న ఆశ కూడా లేదు. వీళ్లు బ్రేకు గొట్టం కోసేశారు, గాలంతా పోయి చక్రాలు బిగుసుకున్నాయి. గాలి పోయిన బండీ, ఊపిరి పోతున్న హార్లనూ... ఇద్దరూ ఇక కదలరు!

ధాన్యం వ్యాగన్ కనబడింది. దాని చివర, చక్రాల మీద, ఇనుప గోడకి గుండ్రటి కన్నం. లోపల మనిషి ముడుచుకునేంత గుల్ల. టికెట్ లేని దేశదిమ్మరుల సొంతిల్లు.

దూరాడు. కాదు... కుక్కుకున్నాడు. మోకాళ్లు గడ్డానికి. మెడలోని కెమెరా పొట్ట కింద. ముక్కు నిండా తుప్పు వాసన.

గొంతు తగ్గించి పోలీసులకి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నారు సార్?" ఆడగొంతు.

"కోబ్రె లూప్. ఎనభై ఎనిమిదో మైలు. మీవాళ్లలో ఒకణ్ణి చంపేశాడు. ఇప్పుడు నన్ను వెతుకుతున్నాడు!"

"దగ్గరి కారుకి నలభై నిమిషాలు పడుతుంది సార్. మీరు కదలకండి."

"కదలడానికి చోటెక్కడ చచ్చిందమ్మా ఇక్కడ!"

నలభై నిమిషాలు...

మెయిన్ లైన్ బండి ఎక్కుడు దారిలో మూలుగుతూ పోతోంది. చావు దగ్గరైనా హార్లన్ లెక్క మానలేదు. అరవై వ్యాగన్లు దాటాయి. ఇలాంటి బండికి రెండు వందలుంటాయి. ఇంకో ఎనిమిది నిమిషాలు ఈ ఇనుప గోడ ఉంటుంది.

కంకర కరకరలాడింది. దగ్గరగా.

"పెద్దాయనా! కెమెరా కార్డు ఇచ్చెయ్. కెమెరా నువ్వే ఉంచుకో. నాకు దానిమీద మోజు లేదు."

హార్లన్ బుర్ర గిర్రున తిరిగింది. గుంపు! మూడు మైళ్ల అవతల, కొండమలుపు దగ్గర, తోటి బండి పిచ్చోళ్లు మాంసం కాల్చుకుంటూ కూర్చుని ఉంటారు. ప్రతి శనివారం అంతే.

ఫోన్ గుంపులో 'తుపాకీ' అని పెడితే 'పోలీసుల్ని పిలువు' అంటారు. కానీ... నారింజ ఇంజిన్! కంపెనీ పాత రంగులేసిన ఒకే ఒక్క ఇంజిన్. అది కనబడిందని ఒక్కడు చెబితే చాలు, ఇరవై బళ్లు లగెత్తుకొస్తాయి. ఆ ఇంజిన్ కోసం లెరోయ్ చర్చిలో పెళ్లి మధ్యలోంచి లేచొచ్చాడు. ఆ పెళ్లి లెరోయ్‌దే!

కానీ అది అబద్ధం. ముప్పై ఒక్క ఏళ్లలో హార్లన్ ఒక్క నంబరు తప్పు చెప్పి ఎరగడు. దొంగ ఇంజిన్ చూపించినవాడితో ఆ గుంపులో ఎవడూ కాఫీ తాగడు.

పైగా... వాళ్లని తూటాకి ఎదురు పిలుస్తున్నాడా?

అంతమందిని చూస్తే వీడే పారిపోతాడు. పోవాలి!

'నారింజ ఇంజిన్. కోబ్రె లూప్. ఆగి ఉంది. త్వరగా!'

పంపాడు.

కూఊఊ!

అది బండి కూత కాదు. కన్నం బయట... పదడుగుల్లో... ఎవరి జేబులోంచో!

గుంపు మెసేజ్ వస్తే మోగే కూత. హార్లనే రికార్డు చేసి, అందరికీ పంచిపెట్టిన కూత!

కంకర చప్పుడు ఆగింది.

"నారింజ ఇంజినా? ఇక్కడా?" నవ్వు. "ఓరి దేవుడా... గురూ, నువ్వేనా!"

గురూ! గుంపులో అలా పిలిచేవాడు ఒక్కడే. బ్రైస్!

ఎన్నడూ ముఖం చూపించలేదు. పేరు పక్కన ఇంజిన్ బొమ్మ. ఆర్నెల్లుగా ప్రశ్నలే ప్రశ్నలు. ఏ బండి ఎక్కడ ఆగుతుంది గురూ? ఎంతసేపు? అందులో ఖరీదైన సరుకుంటుందా? ముసలితనంలో శిష్యుడు దొరికాడని మురిసిపోయి, పూసగుచ్చినట్టు చెప్పింది ఎవరు? కోబ్రె లూప్, శనివారం, ఆరున్నర... అదీ చెప్పింది ఎవరు?

బోర్లాపడ్డ ఆ పోలీసు కళ్ల ముందు మెదిలాడు.

అప్పుడే...

కూఊ! కూఊ! కూఊ!

ఈసారి మోగింది తన ఫోను! జవాబులు. 'వస్తున్నా!' 'దాన్ని ఆపండ్రా!' 'నిచ్చెన బండిలో పడేశా!'

దాని నోరు నొక్కేలోపే కన్నంలోకి ఎర్రటోపీ తొంగిచూసింది. టోపీ కింద పిస్తోలు.

"దొరికావ్ గురూ. కార్డు."

"ఇస్తే వదిలేస్తావా?"

"గురుదక్షిణ ఇవ్వకుండా ఎలా వదుల్తాను?"

"వాళ్లొస్తున్నారు బ్రైస్."

"వచ్చేసరికి నేనుండను. నువ్వూ ఉండవు. కానివ్వు!"

నూట డెబ్బై ఆరు... నూట డెబ్బై ఏడు...

"చెయ్యి పొట్ట కింద ఇరుక్కుంది నాయనా."

"నాటకాలొద్దు!"

"నాటకమాడేంత జాగా ఉందా ఇక్కడ? నువ్వే చూడు!"

బ్రైస్ తిట్టుకుంటూ వ్యాగన్ చివరి అరుగు ఎక్కి, కాలర్ పట్టి లాగాడు. సీసాకి బిగిసిన బిరడాలా హార్లన్ కొంచెం కొంచెంగా వస్తున్నాడు. భుజాలు. పొట్ట. నడుం గీరుకుని రక్తం.

నూట తొంభై ఎనిమిది...

పిస్తోలు కణత మీద చల్లగా ఆనింది. బ్రైస్ మరో చెయ్యి కెమెరా కోసం చాచాడు.

నూట తొంభై తొమ్మిది...

ఆఖరి వ్యాగన్ దాటింది.

గోడ పోయింది! పడమటి ఎండ ఒక్కసారిగా ముఖాన పడింది. బ్రైస్ కళ్లు చికిలించాడు.

పట్టాలవతల రోడ్డు. రోడ్డు పొడవునా పికప్‌లు. పికప్‌ల ముందు నిచ్చెనలు. నిచ్చెనల మీద, సూర్యుణ్ణి వీపున పెట్టుకుని, పదిహేడుమంది. పదిహేడు కెమెరాలు!

క్లిక్. క్లిక్. క్లిక్ క్లిక్ క్లిక్ క్లిక్!

వాళ్లదీ వేలి అలవాటే.

"హార్లన్! ఇంజిన్ ఏదిరా ముస..." లెరోయ్ మాట మధ్యలోనే చచ్చింది. కెమెరా మెల్లగా దించాడు.

"ఎన్ని కార్డులు లాక్కుంటావ్ బ్రైస్?" హార్లన్ రొప్పుతూ అడిగాడు.

బ్రైస్ ముఖం పాలిపోయింది. మరుక్షణం... పిస్తోలు కణత మీంచి లేచింది. నిచ్చెనల వైపు తిరిగింది. లెరోయ్ గుండెకి గురి!

పారిపోతాడనుకున్నవాడు పారిపోలేదు!

పిలిచింది తను. అబద్ధం చెప్పి మరీ పిలిచింది తను!

హార్లన్ ఆలోచించలేదు. రెండు కాళ్లతో వెనకున్న గుల్ల గోడని తన్నాడు. రెండు వందల యాభై పౌండ్ల బరువూ ఒక్కసారిగా బ్రైస్ మీద పడింది.

ధన్!

ఎడారి అంతా మోగింది. నిచ్చెనల మీద ఎవరూ కదల్లేదు. కంకర మీద ఇద్దరు, ఒకరి మీద ఒకరు.

ఒక క్షణం...

రెండు...

ఒక్కడే లేచాడు.

లేస్తూనే, మెడలో కెమెరా ఉందో లేదో తడుముకున్నాడు.