ఊపిరి తీసుకోవే!

మా చెల్లికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వేణువు ఊదితే కాస్త నయంగా ఉంటుందని డాక్టరు అనడంతో, నేను వేణువు పాఠాలు చెప్పే మేడమీది గదిలోనే దానికీ నేర్పడం మొదలుపెట్టాను. మొండిఘటం. ఒక్క స్వరం కోసం వారమంతా ఊది, "అక్కా, దీనికంటే మన కుక్కర్ విజిలే నయం" అని తనే నవ్వేది.

ఆ సాయంత్రం ఒకటే వాన. చెల్లి వేణువు కిందపడి చీలింది. అలమరలోంచి నాకు విద్య నేర్పిన మాస్టారి వేణువు తీసిచ్చాను. చివరి రోజుల్లో ఆ ఆరడుగుల మనిషి ఊపిరందక నానా అవస్థా పడ్డారు. పోయేటప్పుడు కూడా ఆ వేణువు చేతిలోనే ఉంది.

"మందుల వాసనొస్తోందక్కా" అంది చెల్లి, ముక్కు ముడుచుకుని.

అంతలో కరెంటు పోయింది.

"వేళ్లకి వెలుతురెందుకు? కానియ్" అన్నాను.

చీకట్లో ఒక స్వరం లేచింది. సన్నగా, నిలకడగా. చెల్లి ఎన్నడూ అంత చక్కగా ఊదలేదు. నా ఒళ్లు పులకరించింది. వాన చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తోంది.

ఊపిరి తీసుకోవాల్సిన చోటు వచ్చింది. స్వరం తెగలేదు.

"ఊపిరి తీసుకోవే!"

తెగలేదు.

"చాలు... ఆపు."

తడుముకుంటూ వెళ్లి పట్టుకున్నాను. ఒళ్లు మంచుముద్దలా ఉంది. చెల్లి చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి... వేణువు మాత్రం పెదవులకు అతుక్కుని ఉంది. దాని మీద వేళ్లు తగిలాయి. బిరుసుగా, ఎముకలు తేలిన వేళ్లు... నా చేతికింద కదులుతున్నాయి.

"మాస్టారూ..." అన్నాను. "దానికి అసలే ఆయాసమండీ... వదిలేయండి..."

బలమంతా పెట్టి వేణువు లాగి నేలకేసి కొట్టాను. చెల్లి ఒక్కసారి గాలి పీల్చి, నా మీదకి ఒరిగిపోయింది.

తెల్లారేసరికి లేచి తిరుగుతోంది. ఆయాసం లేదు. రాత్రి సంగతేదీ గుర్తులేదంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇద్దరం మూసిన కిటికీ దగ్గర నిలబడ్డాం. బయట చలి. నేను నోరు తెరిచినప్పుడల్లా అద్దం మసకేస్తోంది. చెల్లి గుక్క తిప్పుకోకుండా ఏదో చెబుతూనే ఉంది... దాని ముందు అద్దం తళతళలాడుతోంది.

దాని తలకి జానెడు పైన మాత్రం ఒక మసక మచ్చ. పెద్దదవుతోంది. కరుగుతోంది. మళ్లీ పెద్దదవుతోంది...