పాపులందరిదీ ఒకటే ముఖం

ఉదయం కాఫీ గ్లాసుతో పనిగదిలోకి వెళ్ళిన ఆవిడ, తీగ మీద ఆరేసిన అచ్చు బొమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

నరకం గురించిన ఓ పాత కావ్యాన్ని కొత్తగా అచ్చు వేస్తున్నారు. అందులో బొమ్మలకు రాగి రేకులు చెక్కే పని ఆవిడ భర్తది. ఈ బొమ్మ పాపులు ఏటి ఒడ్డున పడవ కోసం కాచుకునే ఘట్టం. ముందు నిలబడి ఏడుస్తున్న పాపిది అచ్చం తన కూతురి ముఖం.

“ఏవండీ, ఇదేం పని? ఊరెళ్ళి ఉద్యోగం చేసుకుంటానంటే కన్నకూతుర్ని నరకంలో పడేస్తారా?”

ఆవిడ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టేసరికి, అక్కడే కూర్చున్న ఆయన ఉలిక్కిపడ్డారు. తన దగ్గర నేర్చిన చేతిపనితోనే కూతురికి వేరే ఊళ్ళో కట్టుడు పళ్ళు చేసే ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి మూడు వారాలుగా ఆ పిల్లతో మాటల్లేవు. ఉప్పు కావాలన్నా గోడతో చెప్పేవారు. రేపే ప్రయాణం. ఈ ముభావంతోనే సాగనంపుతారేమోనని తల్లి బెంగ.

మాటలు విని కూతురు పెట్టె సర్దడం ఆపి వచ్చింది.

“పోనీలే అమ్మా, ముక్కు మాత్రం బాగా చెక్కాడు” అంటూ భూతద్దం పట్టి చూసింది. నవ్వు సగంలో ఆగిపోయింది. పక్క పాపిదీ ఆ ముఖమే. ముసలివాడిదీ, పడవవాడిదీ కూడా. పన్నెండు మందికీ గడ్డం మీద అదే సొట్ట.

తండ్రి వైపు చూసింది. ఆయన చెయ్యి గ్లాసుకు జానెడు దూరంలో బల్లను తడుముతోంది.

“నాన్నా, నీకు కళ్ళు ఎప్పటినుంచి కనబడటం లేదు?”

ఆయన తల వంచుకున్నారు.

“ఎండాకాలం నుంచీ మసక. గీతలు కంటికి ఆనడం లేదు తల్లీ, తడుముకుంటూ చెక్కాను. నీ చిన్నప్పటి నుంచి నీ బొమ్మే చెక్కి చెక్కి, ఈ చేతికి అలవాటైన ముఖం నీదొక్కటే. వేరేవి చెక్కుతున్నాననే అనుకున్నాను.”

“మాతో ఒక్కమాట అనకూడదా?” అంది తల్లి.

“అంటే ఇది ఉద్యోగం మానేస్తుంది. నోరు తెరిస్తే ఎక్కడ ఉండిపొమ్మంటానోనని నోరే కట్టేసుకున్నాను.”

తల్లి కళ్ళొత్తుకుంది. కూతురికి సిగ్గేసింది. మూడు వారాలుగా తనూ బింకంతో ఈ మనిషిని తేరిపార చూడలేదు. చూసి ఉంటే తెలిసేది.

“ఉద్యోగం మాననులే. నాలుగు రోజులాగి చేరతానని చెప్తాను. రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళదాం. ఇవాళ రేకు మీద ఈ ముఖాలన్నీ రుద్దేసి మళ్ళీ చెక్కుతాను” అంటూ ఉలి అందుకుంది.

“పన్నెండు ముఖాలు ఎక్కణ్ణుంచి తెస్తావే?” అన్నారాయన.

“ముందు నీది. మూడు వారాలు పలక్కుండా ఉన్న పాపం ఊరికే పోతుందా? ఇలా వెలుతురులోకి తిరుగు.”

ఆయన తిరిగారు. కళ్ళు తుడుచుకోబోతే కూతురు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

“కదలకు నాన్నా. నన్ను చూడనీ.”