ఉప్పుమళ్ళ మలుపులో ఏడుపు

దగ్గరికి జరగండి పిల్లలూ. రోమెర్, గుమ్మంలో కాదు, లోపలికొచ్చి కూర్చో. మీరంతా రోజూ అడిగే ఆ మలుపు సంగతి ఇవాళ చెప్పేస్తాను. భయమేస్తే పక్కవాడి చెయ్యి పట్టుకోవచ్చు. గిల్లకూడదు.

మరకైబో నగరం నుంచి ఉత్తరంగా పోయే దారిలో, ఉప్పుమళ్ళ దగ్గర, చెట్టూ నీడా లేని ఆ మలుపు మీకు తెలిసిందే. రోడ్డు వారన ఏడు బుల్లి సిమెంటు గూళ్ళు. ఒక్కో గూటిలో ఒక శిలువ, ఒక కొవ్వొత్తి, ఒక ఫొటో. అక్కడ ప్రాణాలు పోయినవాళ్ళవి.

ఆ మలుపుకి చెడ్డపేరు. చీకటిపడ్డాక అక్కడ బండి ఆపితే పసిపిల్ల ఏడుపు వినిపిస్తుందని. గాలిలో కాదు, ఉప్పుకుప్పల వెనకా కాదు... కారు లోపలే!

ఆపకుండా పోదామా అంటే ఆనవాయితీ ఒప్పుకోదు. గూళ్ళ ముందు నిలబెట్టాలి. ఏసీ కట్టెయ్యాలి. ఎండలో పడి ఉన్నవాళ్ళ ముందు మనం చల్లగా కూర్చోకూడదు కదా. అద్దం దించి, ఒక్కసారి హారన్ కొట్టి, శిలువ గుర్తు వేసుకుని, కాసేపు మాట్లాడకుండా ఉండి కదలాలి.

ఆ కాసేపట్లోనే వినిపించేది.

అందరూ భయపడ్డారు. షేర్ టాక్సీ నడిపే ఒవిదియో మాత్రం భయపడలేదు. ఆ ఏడుపు ఎవరిదో తనకు తెలుసనుకున్నాడు.

ఏడో గూడు అతని కూతురు యుస్మారిది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ రోజు అమ్మమ్మ ఇంటి నుంచి తండ్రి పక్కన, ముందుసీట్లో కూర్చుని వస్తోంది. కారులో ఏసీ పాడైపోయింది.

"నాన్నా, ఉడికిపోతున్నాను..."

"వచ్చేవారం బాగుచేయిస్తానన్నానా లేదా? నోరు మూసుకుని కూర్చో!"

పిల్ల వెక్కుతూ కిటికీవైపు తిరిగింది. మలుపులో ముందు టైరు పేలింది.

ఒవిదియో బతికాడు. అతనికి మిగిలింది ఆ వెక్కిళ్ళే.

తర్వాత మరో పాత కారు కొన్నాడు, ఏసీ ఉన్నది. మొదటిసారి దాన్ని ఆ మలుపులో ఆపిన రాత్రి, ఏసీ కట్టేశాడో లేదో... ఖాళీగా ఉన్న ముందుసీటు వైపు నుంచి సన్నగా — స్స్... హు... హుహూ...

చప్పున ఏసీ వేశాడు. తలుపులన్నీ బార్లా తెరిచాడు, చల్లదనం గూటిదాకా పోవాలని. ఏడుపు ఆగిపోయింది!

అప్పట్నుంచి మూడేళ్ళు... ప్రతి రాత్రీ అదే. ఆఖరి ట్రిప్పు అయ్యాక అక్కడ ఆపడం, తలుపులు తెరిచి గంటలకొద్దీ ఏసీ నడపడం, గూటితో మాట్లాడుకోవడం. ఇంటికొచ్చేసరికి తెల్లారేది.

"చంటాడు నిన్ను చూసి కొత్తముఖమని ఏడుస్తున్నాడయ్యా," అంది భార్య బెల్కిస్. "వాడికెప్పుడు కనిపిస్తావు?"

"అక్కడ దానికి ఉక్కగా ఉంది బెల్కిస్."

ఆవిడ చంటాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతలో కారులో చల్లదనం తగ్గడం మొదలైంది. ఇద్దరు మెకానిక్కులు ఏసీలో గ్యాసు నింపి పంపారు. వారం తిరక్కుండా మళ్ళీ వేడిగాలే. ఏసీ పూర్తిగా పోతే పిల్ల ఏడుపు ఆపేదెలా? ఆ దిగులుతో అన్నం మానేశాడు. చివరికి నెరెయ్‌దా అనే మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళాడు.

"కారుకి జ్వరమా అన్నా, నీకా? నిన్ను చూస్తే ముందు నీకే రిపేరు చెయ్యాలనిపిస్తోంది," అంది ఆవిడ.

"గ్యాసు నింపమ్మా, చాలు."

"చిల్లు చూడకుండా నింపితే నిలుస్తుందా? నువ్వట్లా కూర్చో."

నెరెయ్‌దా తొందరపడే మనిషి కాదు. ముందు ఫ్యాన్ చూసింది. బాగానే తిరుగుతోంది. ఇంజను దగ్గరి రెండు గొట్టాలకూ చెయ్యి ఆనించింది. ఒకటి వేడిగా ఉండాలి, రెండోది చెమటపట్టి చల్లగా ఉండాలి. రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి. గ్యాసు మీటరు తగిలిస్తే ముల్లు లేవనంది. సబ్బునీళ్ళు బ్రష్షుతో ఒక్కో అతుకుకీ రాస్తూ పోయింది. ఒకచోట చిన్న బుడగ ఉబ్బింది... పగిలింది... మళ్ళీ ఉబ్బింది.

"దొరికావా దొంగా! ఏసీ కట్టెయ్ అన్నా. ఇంజను కూడా."

కట్టేశాడు. షెడ్డంతా నిశ్శబ్దం.

స్స్... హు... హుహూ...

పట్టపగలు, మండుటెండలో. ఒవిదియో ముందుసీటు వైపు వంగి గుసగుసగా అన్నాడు, "యుస్మారీ... ఇక్కడికెందుకొచ్చావమ్మా?"

నెరెయ్‌దా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. మలుపులో ఆ ఏడుపు ఆవిడా విన్నదే. ఇన్నాళ్ళకి అర్థమైంది. చెప్పాలా, మానాలా అని చాలాసేపు చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"అన్నా, ఇంకోసారి వేసి కట్టెయ్."

మళ్ళీ అదే ఏడుపు. మూడోసారీ అదే.

"గ్యాసు తక్కువైన బండి ఇట్లాగే మూలుగుతుందన్నా. కట్టేయగానే మిగిలిన గ్యాసు గొట్టాల్లో సర్దుకుంటుంది. చల్లబరిచే పెట్టె ముందుసీటు ఎదురుగానే ఉంటుంది, అందుకే అటునుంచి వినిపిస్తుంది. మన పాత బండ్లన్నిటికీ ఏదో ఒక చిల్లుంది. ఊళ్ళో అయితే కట్టేసి దిగిపోతాం, సందడిలో వినపడదు. ఏసీ కట్టేసి, నోరు మూసుకుని కూర్చునేది ఆ మలుపులోనే కదా?"

ఒవిదియో ముందుసీటుకేసి తిరిగాడు.

"అయితే... అది ఏడవడం లేదా?"

"లేదన్నా."

"ఈ మూడేళ్ళలో ఒక్కరోజు కూడా?"

"ఒక్కరోజు కూడా."

"మరి నేను మాట్లాడింది ఎవరితో?"

నెరెయ్‌దా బ్రష్షు కింద పెట్టింది. మెల్లగా అంది: "ఇట్లాగే వదిలెయ్యమంటే వదిలేస్తాను. గ్యాసు ఉన్నన్నాళ్ళు వినిపిస్తుంది. నీ ఇష్టం."

అతను ముందుసీటు మీద చెయ్యి వేసి, దాన్ని అలాగే నిమురుతూ ఉండిపోయాడు.

"బాగుచెయ్యమ్మా," అన్నాడు.

ఆ రాత్రి ఒవిదియో మలుపులో కారు ఆపాడు. లోపల మంచులా చల్లగా ఉంది. ఏసీ కట్టేసి, అద్దం దించాడు. ఎదురుచూశాడు...

ఏమీ లేదు. ఉప్పుగాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

మర్నాడు చేపల వ్యాను తోలే ముసలాయన పరుగున వచ్చి ఊరంతటికీ చెప్పాడు. ఆయన బండికి ఏసీయే లేదు.

"రాత్రి విన్నాను! గూళ్ళ దగ్గర ఏడుపు! దేవుడి తోడు... కానీ ఈసారి పసిపిల్లది కాదు. మగమనిషిది."

సరే, లేవండిక. పెనం మీద మొక్కజొన్న రొట్టెలు మాడిపోతాయి, వెళ్ళి తినండి. భయమేసినవాళ్ళు ముందు నడవండి, వెనక నేనొస్తాను.